వంద ఇళ్లలో ఎన్ని?

2024 డిసెంబర్ 4, బుధవారం. ఉదయం ఏడున్నర కావస్తోంది. ఖమ్మంలో ఓ అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో మా అక్క పొయ్యి మీద పాలు పెట్టి పక్కనే నిలబడి ఉంది. గూట్లో బోర్లించిన స్టీలు గిన్నెలు గలగలమన్నాయి. పిల్లి దూరిందనుకుని అటు తిరిగిందట. ఈలోగా సీలింగు ఫ్యాను ఊగింది, గిన్నెలో పాలు ఒక పక్కకి ఒరిగి అంచు దాటాయి. అంతా కలిపి కొన్ని సెకన్లు. పొయ్యి కట్టేసి మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేసరికి బిల్డింగు బిల్డింగంతా అక్కడే ఉంది, సగం మంది చెప్పులు కూడా లేకుండా.

భూకంప కేంద్రం ములుగు జిల్లాలో ఉందని, రిక్టర్ లెక్కలో 5.3 అని కాసేపటికి టీవీలో వచ్చింది. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ కూడా ఆ కదలిక తెలిసింది. ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "ఒరే తమ్ముడూ, నువ్వు లెక్కల మనిషివి కదా. దీనికన్నా గట్టిది వస్తే మా బిల్డింగు నిలుస్తుందా, నిలవదా? ఒక్క మాటలో చెప్పు."

ఒక్క మాటలో చెప్పలేకపోయాను. నిలుస్తుందంటే తెలియని దానికి హామీ ఇచ్చినట్టు, నిలవదంటే ఊరికే భయపెట్టినట్టు. కానీ ప్రశ్నని కొంచెం పక్కకి జరిపితే జవాబు దొరుకుతుంది. "మా బిల్డింగులాంటివి వంద ఉన్నాయనుకో. ఫలానా ఊపుకి వాటిలో ఎన్ని పడతాయి?" అని అడగాలి. దీనికి జవాబు చెప్పే విద్య గత యాభై ఏళ్లలో పెరిగి పెద్దదైంది. రేపు భూకంపం వస్తుందో రాదో అది చెప్పదు. వస్తే ఏ ఇళ్లు ముందు పోతాయో చెబుతుంది. చేతులు కట్టుకు కూర్చోకుండా ఏదైనా చెయ్యాలనుకునే వాళ్లకి కావలసింది ఈ రెండోదే.

కిల్లారి గోడ

భూకంపం రాగానే అందరం అడిగే మొదటి మాట "రిక్టర్ మీద ఎంత?" అని. ఆ అంకె భూకంపం గురించి చెబుతుంది, మన ఇంటి గురించి చెప్పదు. గుడి మైకుతో పోల్చి చూడండి. మైకు సామర్థ్యం ఇన్ని వాట్లు అనే అంకె ఒక్కటే. గుడి పక్కింట్లో చెవులు దద్దరిల్లుతాయి, ఊరి చివర పొలంలో పాట లీలగా వినిపిస్తుంది. వాట్లలాంటిది భూకంప పరిమాణం. మన ఇంటి దగ్గర నేల ఎంత ఊగిందన్నది వేరే అంకె. ఈ అధ్యాయంలో దాన్ని 'ఊపు' అందాం.

ఊపు ఒక్కటే తెలిసినా చాలదు, ఇల్లు ఎలా కట్టారో కూడా తెలియాలి. చిలీ దేశంలో 2010 ఫిబ్రవరి 27న 8.8 పరిమాణంతో భూకంపం వచ్చింది. సునామీలో పోయినవాళ్లతో కలిపి ఐదువందల పైచిలుకు మంది చనిపోయారు. మహారాష్ట్రలో లాతూరు జిల్లా కిల్లారి దగ్గర 1993లో వచ్చింది 6.2. రిక్టర్ లెక్కలో ఒక్క మెట్టు ఎక్కితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లవుతుంది. ఆ లెక్కన చిలీ భూకంపం కిల్లారి కన్నా ఏడెనిమిది వేల రెట్లు శక్తిమంతం. కిల్లారి చుట్టుపక్కల పోయినవాళ్లు దాదాపు పదివేల మంది.

అది 1993 సెప్టెంబర్ 30, తెల్లవారుజామున నాలుగింటికి కాస్త ముందు. వినాయక నిమజ్జనం ముగించుకుని జనం ఆదమరిచి నిద్రపోతున్నారు. వాళ్ల తలల మీద ఉన్నదేమిటో దగ్గరగా చూద్దాం. గోడ రెండడుగుల మందం, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. బయటికి ఎంతో గట్టిగా కనిపిస్తుంది. నిలువునా కోసి చూస్తే అది రెండు గోడలు: లోపలివైపు ఒక రాతి వరస, బయటివైపు ఒక రాతి వరస, నడుమ చిన్న రాళ్లూ మట్టీ కూరిన పోగు. ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా అడ్డంగా పోయే పొడవాటి రాయి పెట్టి ఉంటే రెండు వరసలూ ఒకదాన్నొకటి పట్టుకునేవి. చాలా ఇళ్లలో అలాంటి రాయి లేదు. రాళ్లని అతికినది సున్నమో సిమెంటో కాదు, మట్టి. పైన దూలాలు, చెక్కలు, వాటి మీద అడుగు నుంచి రెండడుగుల దాకా మట్టి. నేల అటూ ఇటూ ఊగేసరికి బయటి వరస బయటికి, లోపలి వరస లోపలికి విడిపోయాయి. మట్టి కప్పు నేరుగా మంచాల మీదికి దిగింది.

తెలంగాణలో, రాయలసీమలో పాత మట్టి మిద్దెలు ఎక్కి తిరిగిన వాళ్లకి ఆ కప్పు కొత్తదేమీ కాదు. కారినప్పుడల్లా పైన ఇంకో పొర మట్టి పోసేవాళ్లు. ఎండాకాలంలో అంత చల్లని ఇల్లు ఇంకోటి ఉండదు. నేల కదిలిన రోజున ఆ బరువే మీద పడుతుంది.

మామిడి తోట గుత్త

నూజివీడు వైపు మామిడి తోటల్ని పూత మీదే గుత్తకి తీసుకునే వ్యాపారులుంటారు. చెట్టు నిండా పూత తప్ప కాయ లేదు. ఏ పిందె నిలుస్తుందో, ఏది రాలుతుందో ఆ వ్యాపారికి తెలియదు. అయినా ధర కడతాడు. ఎందుకంటే ఆయన ఒక్కో పిందెని చూడడు, తోటని చూస్తాడు. చిన్న గాలికి వందలో ఎన్ని రాలతాయో, ఈదురుగాలికి ఎన్నో, గాలివానకి ఎన్నో ఆయనకొక అంచనా ఉంటుంది.

ఆ అంచనాని కాగితం మీద గీయండి. అడుగున గాలి వేగం, పక్కన వందకి రాలిన కాయలు. చిన్న గాలుల దగ్గర గీత నేలకి అంటుకుని ఉంటుంది, తొడిమ ఎండిన ఒకటో రెండో రాలతాయి. గాలి పెరిగేకొద్దీ ఒకచోట గీత నిటారుగా లేస్తుంది. తుపాను గాలి దగ్గర వందని ఆనుకుని మళ్లీ చదునవుతుంది, రాలడానికి ఇక కాయలు ఉండవు కాబట్టి. దీన్ని 'రాలుడు గీత' అని పిలుచుకుందాం. ఇంజినీర్లు ఇళ్లకి గీసే ఇలాంటి గీతని ఫ్రజిలిటీ కర్వ్ అంటారు. గాలి స్థానంలో నేల ఊపు, కాయల స్థానంలో ఇళ్లు. మామిడిలో జాతికో గీత ఉన్నట్టే ఇళ్లలోనూ రకానికో గీత. మట్టితో కట్టిన రాతిగోడ ఇంటి గీత తొందరగా లేస్తుంది. పిల్లర్లు లేకుండా సిమెంటు, ఇటుకతో కట్టింది కాస్త ఆగుతుంది. నియమాల ప్రకారం కట్టిన కాంక్రీటు భవనం గీత చాలా దూరం వెళ్లాక గానీ లేవదు.

ఇంకో చిక్కుంది. కాయ అయితే రాలుతుంది, లేదంటే లేదు. ఇల్లు అలా కాదు. ప్లాస్టరు మీద వెంట్రుకవాసి బీటలతో వదిలిపెట్టొచ్చు, గోడల్లో చెయ్యి దూరేంత పగుళ్లు రావచ్చు, ఒక మూల కూలొచ్చు, మొత్తం కుప్పకూలొచ్చు. యూరప్‌లో 1998లో స్థిరపరచిన కొలమానం ఈ దెబ్బల్ని ఐదు మెట్లుగా పంచింది. ఒకటో మెట్టు సన్నబీటలు, ఐదో మెట్టు పూర్తిగా నేలమట్టం. కాబట్టి ఒక్కో ఇంటి రకానికి ఒక గీత చాలదు, మెట్టుకొకటి కావాలి. ఏ ఊపుకి వందలో ఎన్నింటికి బీటలు, ఎన్ని నివాసానికి పనికిరావు, ఎన్ని కూలతాయి అన్నది అప్పుడు తేలుతుంది.

ఈ గీతలు మొదట పట్టికలుగా పుట్టాయి. 1971 ఫిబ్రవరి 9న కాలిఫోర్నియాలో శాన్ ఫెర్నాండో భూకంపం వచ్చింది. ఆ తర్వాత ఎంఐటీ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ విట్‌మన్ బృందం భవనాల వివరాలు సేకరించి, ఏ ఊపుకి ఏ రకం భవనాల్లో ఎంత వాటాకి ఎంత దెబ్బ తగిలిందో గళ్లుగా రాసింది. మరి అసలు భూకంపమే చూడని ఇంటి రకాల మాటేమిటి? 1985లో కాలిఫోర్నియా కోసమే ఏటీసీ-13 అనే నివేదిక తయారైంది. అందులో ఈ ఖాళీ గళ్లని నిపుణుల్ని అడిగి నింపారు. అందరినీ ఒకే గదిలో కూర్చోబెడితే పెద్ద గొంతు ఉన్నవాడి మాటే నెగ్గుతుంది. అందుకని ఎవరి అంచనా వాళ్లు విడిగా రాశారు. తర్వాత మిగతావాళ్లు ఏమన్నారో పేర్లు లేకుండా చూపించి, మార్చుకుంటారా అని మళ్లీ అడిగారు. ఊళ్లో తగువు తీర్చే పెద్దమనుషులు కూడా ఈ పద్ధతి పెట్టుకుంటే బాగుండునని నాకనిపిస్తుంది.

నిపుణుల మాటకి విలువ ఉంది, అది ఎల్లకాలం చెల్లదు. గుత్తదారు మొదట అనుభవంతో వందకి ముప్ఫై రాలతాయంటాడు. గాలివాన వెలిశాక చెట్ల కింద తిరిగి లెక్కపెడితే నలభై ఐదున్నాయి. మరుసటి ఏడు ఆయన ముప్ఫై దగ్గరే ఉండిపోడు, ఒక్క గాలివాన చూసి నలభై ఐదుకీ దూకడు. ఎన్ని చెట్లు లెక్కపెట్టాడో చూసుకుని మధ్యలో ఒకచోటికి జరుగుతాడు. ఎంత జరగాలో చెప్పే గణితానికి పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండు మతాచార్యుడు థామస్ బేయిస్ పేరు పెట్టారు. ప్రతి భూకంపం తర్వాత రాలుడు గీతల్ని ఇలాగే సరిదిద్దుతారు.

నిలిచినవీ లెక్కలోకి రావాలి

ఈ విద్యలో అన్నిటికన్నా సులువుగా చేసే తప్పు ఒకటుంది. దాని దగ్గర కాసేపు ఆగాలి.

భూకంపం వచ్చిన ఊరికి అందరూ పరుగెత్తుతారు. కూలిన ఇళ్ల దగ్గర ఆగుతారు, వాటినే ఫొటోలు తీస్తారు, వాటి గోడల్నే కొలుస్తారు. ఒక ఊరు ఊహించుకుందాం. అక్కడ 60 ఇళ్లు కూలాయి. వాటిలో 45 రాయీ మట్టీ ఇళ్లు, 15 సిమెంటు ఇటుకవి. చూసినవాడు ఏమంటాడు? మట్టిగోడ ఇళ్లు మూడింతలు ప్రమాదం అంటాడు. రాత్రి టీవీ చర్చల్లో అదే వస్తుంది.

ఇప్పుడు ఆ ఊళ్లో నిలిచిన ఇళ్ల దగ్గరికీ వెళదాం. ఊరు మొత్తం మీద 500 ఇళ్లు. 450 రాయీ మట్టీవి, 50 మాత్రమే ఇటుకవి. అంటే మట్టిగోడల ఇళ్లలో నూటికి 10 పోయాయి, ఇటుక ఇళ్లలో నూటికి 30. తీర్పు తలకిందులైంది. ఆ ఊరి ఇటుక ఇళ్లని బహుశా పిల్లరూ బెల్టూ లేకుండా సన్నగోడల మీద రెండంతస్తులు లేపి ఉంటారు. కూలినవాటినే చూసినవాడికి ఆ సంగతి ఎన్నటికీ తెలియదు.

బడిలో భిన్నాలు నేర్చుకున్నప్పుడు పైది లవం, కిందది హారం అని చెప్పారు గుర్తుందా? భూకంపం తర్వాత లవం అందరికీ కనిపిస్తుంది. హారం కోసం ఇంటింటికీ తిరగాలి, బీటైనా లేని ఇంటి తలుపు కూడా తట్టాలి. మన దేశంలో జనగణన సిబ్బంది గోడ దేనితో కట్టారు, కప్పు దేనితో వేశారు అని అడిగి రాసుకునే రెండు గళ్లు ఇందుకు ఎంతో ఉపయోగపడ్డాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఎంటీపీసీ 1997లో తొలిసారి ప్రచురించిన భారత విపత్తు దుర్బలత్వ అట్లాసులో జిల్లాల వారీ ఇళ్ల లెక్కలు జనగణన నుంచి తీసుకున్నవే. గుమ్మం ముందు నిలబడి "గోడ మట్టిదా ఇటుకదా అమ్మా?" అని అడిగే టీచరమ్మ ఎన్ని ప్రాణాల లెక్కకి పునాది వేస్తోందో ఆమెకి ఎవరూ చెప్పి ఉండరు.

నేపాల్‌లో హారం కోసం అసాధారణమైన ప్రయత్నం జరిగింది. 2015 ఏప్రిల్ 25, శనివారం, మధ్యాహ్నానికి కాస్త ముందు 7.8 పరిమాణంతో భూకంపం వచ్చింది. దాదాపు తొమ్మిదివేల మంది చనిపోయారు. శనివారం కాబట్టి బడులు మూసి ఉన్నాయి, లేకపోతే పిల్లల సంగతి తలచుకోలేం. తర్వాత ఆ దేశ ప్రభుత్వం ఇంటింటి సర్వే చేయించింది. గట్టిగా దెబ్బతిన్న పదకొండు జిల్లాల్లో ఏడున్నర లక్షలకు పైగా భవనాల వివరాలు నమోదై, తర్వాత అందరికీ అందుబాటులోకి వచ్చాయి. అంతస్తులు ఎన్ని, వయసెంత, పునాది ఎలాంటిది, కప్పు ఏమిటి, నేల చదునా వాలా, గోడల్లో వాడింది మట్టా సిమెంటా, చివరికి ఎన్నో మెట్టు దెబ్బ తగిలింది. ఒక్క భూకంపం మీద ఇంత పెద్ద ఇళ్ల లెక్క అరుదు.

దానికీ లోపాలున్నాయి. ప్రభుత్వ సాయం దెబ్బని బట్టి వస్తుందన్నప్పుడు, మూడో మెట్టా నాలుగో మెట్టా అన్న సందేహం పైమెట్టు వైపు మొగ్గుతుంది. కొంప పోయినవాడు అలా ఆశపడటం తప్పు కాదు, లెక్కచేసేవాడు దాన్ని గుర్తుపెట్టుకోకపోవడం తప్పు. పైగా కఠ్మండూ లోయలోని మూడు జిల్లాలు ఆ పదకొండులో లేవు. లోయ కథే వేరు. అక్కడి మెత్తటి సరస్సు మట్టి నేల నెమ్మదిగా, పెద్ద పెద్ద ఊపులతో ఊగింది. ఉయ్యాలని దాని తాళానికి తగ్గట్టు తోస్తేనే ఎత్తుకి వెళుతుంది. ఆ నెమ్మది తాళం పొట్టి ఇళ్లకి కుదరలేదు, భయపడినదానికన్నా ఎక్కువ ఇళ్లే నిలిచాయి. పొడవాటి ధరహరా గోపురం కూలిపోయింది.

మేస్త్రీల పంచాయతీ

ఏడున్నర లక్షల ఇళ్ల పట్టిక ముందు పెట్టుకుని మనిషి రాలుడు గీతలు గీయలేడు. ఇక్కడికి కంప్యూటరు వస్తుంది. దాన్నేదో మాయగా చెప్పుకోవడం ఈ మధ్య ఎక్కువైంది కాబట్టి అది చేసే పని విప్పి చెబుతాను.

ఒక మేస్త్రీని ఊహించుకోండి. ఆయనకి కొన్నివేల ఇళ్లు, వాటికి తగిలిన దెబ్బలు చూపించాం. ఆయన ఇళ్లని ప్రశ్నలతో విడదీస్తాడు. గోడలో మట్టా, సిమెంటా? మట్టి అయితే అంతస్తులు రెండు దాటాయా? దాటితే వాలు నేల మీద ఉందా? ఇలా చీల్చుకుంటూ పోతే చివర చిన్న చిన్న గుంపులు మిగులుతాయి. "ఈ గుంపులో నూటికి ఎనభై కూలాయి, ఆ గుంపులో ఐదే" అని చెబుతాడు. కొత్త ఇల్లు చూపిస్తే అవే ప్రశ్నలు వేసి అది ఏ గుంపులో పడుతుందో చూస్తాడు.

ఒక్క మేస్త్రీకి సొంత పిచ్చి ఉంటుంది. తను చూసిన నాలుగిళ్ల ముచ్చటే లోకమంతా అనుకుంటాడు. అందుకని ఐదువందల మంది మేస్త్రీల్ని పెడతారు. ఒక్కొక్కరికీ చీటీలు తీసి వేర్వేరు ఇళ్లు చూపిస్తారు. ప్రతి చీలిక దగ్గరా అన్ని ప్రశ్నలూ అడగనివ్వరు, చీటీలో వచ్చిన కొన్నిటిలోంచే ఎంచుకోమంటారు. ఒకరి పిచ్చి ఇంకొకరికి ఉండదు. చివరికి అందరూ ఓటేస్తారు. ఈ పంచాయతీకి రాండమ్ ఫారెస్ట్ అని పేరు, చీలుతూ పోయే ఒక్కో మేస్త్రీ ఆలోచన చెట్టులా ఉంటుంది కాబట్టి.

పంచాయతీ తీర్పు సరైనదో కాదో తేల్చడానికి కొన్ని ఇళ్లని ముందే దాచిపెడతారు, తర్వాత వాటి మీద పరీక్ష పెడతారు. ఇక్కడే మోసపోతారు. దాచిన ఇల్లు ఉన్న ఊళ్లోనే దాని పక్కిల్లు మేస్త్రీ అప్పటికే చూసి ఉంటాడు. ఆ పరీక్ష పక్కవాడి కాగితం చూసి రాయడంలాంటిది, మార్కులు దండిగా వస్తాయి. ఒక జిల్లా మొత్తాన్ని దాచి పరీక్షించండి, మార్కులు పడిపోతాయి. ఎందుకంటే ప్రతి ఇంటి దగ్గరా ఊపుని కొలిచే యంత్రం లేదు. ఊరి పేరే ఊపుకి బదులుగా పనిచేస్తోంది. మేస్త్రీ నేర్చుకున్నది సగం ఇళ్ల గురించి, సగం 2015 ఏప్రిల్ 25 గురించి. నేపాల్ కొండల మీద నేర్చిన పంచాయతీని కృష్ణా డెల్టా నల్లరేగడి మీదికి తెచ్చి తీర్పు చెప్పమంటే అది వినకూడని తీర్పు.

475 ఏళ్ల చిక్కు

ఇప్పటిదాకా "ఊపు వస్తే" అన్నాం. అసలు వచ్చే అవకాశం ఎంత?

చిన్న భూకంపాలు ఎక్కువ, పెద్దవి తక్కువ. ఒక్క మెట్టు పెద్దదైతే సంఖ్యలో సుమారు పదోవంతుకి తగ్గుతాయని భూకంప శాస్త్రవేత్తలు గూటెన్‌బర్గ్, రిక్టర్ 1940లలో చూపించారు. దుకాణం గల్లాపెట్టెలో పదిరూపాయల కాగితాలు ఎన్నున్నాయో చూసి, వందలు ఎన్ని, అయిదువందలు ఎన్ని ఉంటాయో ఊహించినట్టు, చిన్నవాటిని లెక్కపెట్టి పెద్దవాటి అంచనా కడతారు. చుట్టుపక్కల పుట్టగల అన్ని భూకంపాలనీ, వాటి దూరాన్నీ కలిపి "ఈ చోట ఇంత ఊపు దాటే అవకాశం ఇంత" అని చెప్పే పద్ధతికి 1968లో ఇంజినీరు ఆలిన్ కార్నెల్ బాట వేశాడు.

ఆ పద్ధతిలో తరచూ వినిపించే మాట "475 ఏళ్లకోసారి వచ్చే ఊపు". దీన్ని విని "మా తాతల కాలంలో వచ్చింది, ఇంకో నాలుగువందల ఏళ్లు హాయి" అనుకునేవాళ్లు చదువుకున్నవాళ్లలోనూ ఉన్నారు. దాని అర్థం ప్రతి ఏడూ 475 చీట్లున్న కుండలోంచి ఒకటి తీస్తున్నామని, వాటిలో ఒక్క చీటీ మీదే ఆ ఊపు రాసి ఉందని. తీసిన చీటీ మళ్లీ కుండలోకే వెళుతుంది. నిరుడు వచ్చినా ఈ ఏటి అవకాశం తగ్గదు. అలా 50 ఏళ్లు తీస్తే ఆ ఊపు ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 10. ఇరవై ఏళ్ల గృహరుణం తీరేలోగా అయితే నూటికి 4. 475 ఏళ్లూ తీసినా నూటికి 63 మాత్రమే.

గల్లాపెట్టెని ఎంతకాలం చూశామన్నది ముఖ్యం. దక్కన్‌లో పెద్ద భూకంపాలు అరుదు, యంత్రాల రికార్డులు కొన్ని దశాబ్దాలవి. కిల్లారిని అప్పటి భారత ప్రమాణాల పటంలో ఒకటో జోన్‌లో పెట్టారు. అంటే అన్నిటికన్నా క్షేమమైన చోటు. 2002 సవరణలో ఒకటో జోన్‌నే ఎత్తేశారు. ఆ 2002 పటంలో హైదరాబాద్‌ని రెండో జోన్‌లో, విజయవాడని మూడో జోన్‌లో పెట్టారు. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం, 2024లో ములుగు. మన గోదావరి, కృష్ణా నేలల కింద కూడా కదిలే చోట్లున్నాయి.

సగటు చెప్పని సంగతి

అన్నీ కలిపి ఒక వీధి లెక్క వేద్దాం. ఊహ కోసం 200 ఇళ్లు. గట్టి ఊపు 50 ఏళ్లలో వచ్చే అవకాశం నూటికి 10. వస్తే వందకి 30 కూలతాయి, అంటే 60 ఇళ్లు. అవకాశంతో గుణిస్తే సగటు నష్టం 6 ఇళ్లు.

ఆ ఆరు ఇళ్లు ఎప్పటికీ కూలవు. అలాంటి వీధులు పది ఉంటే, దూరదూరంగా ఉంటే, తొమ్మిదింటిలో సున్నా. ఒకదానిలో అరవై, అదీ ఒకే నిమిషంలో. రోడ్డు ప్రమాదాలు అలా కావు, ఏడాది పొడవునా తలా ఒకచోట జరుగుతాయి, ఆసుపత్రి సర్దుకుంటుంది. భూకంపంలో ఆసుపత్రి గోడలూ అదే ఊపులో ఉంటాయి. పైగా వీధిలో సగం ఇళ్లు ఒకే మేస్త్రీ కట్టి ఉంటాడు, ఇసుక ఒకే వాగులోది, అడుగున నేల ఒకటే. ఒక ఇంటి గీత మనం అనుకున్నదానికన్నా ముందే లేస్తే అందరిదీ లేస్తుంది. అందుకే ఎన్ని అంబులెన్సులు, ఎన్ని డేరాలు సిద్ధంగా ఉంచాలి అని అడిగే కలెక్టరుకి సగటు చెప్పకూడదు. "పదింట ఒకసారి అరవై" అని చెప్పాలి.

అదే లెక్క మంచి వైపూ చూపిస్తుంది. పాత గోడల ఇంటికి తలుపుల ఎత్తున చుట్టూ కాంక్రీటు బెల్టు వేస్తే, విడివిడి కట్టెల్ని తాడుతో మోపు కట్టినట్టు గోడలన్నీ కలిసి ఊగుతాయి. ఆ బెల్టుతో 30 కాస్తా 10 అయిందనుకోండి, అరవైలో నలభై ఇళ్లు నిలుస్తాయి. బెల్టు ఖర్చు ఎంత, నలభై కుటుంబాలు ఎంత? డబ్బు కొన్ని ఇళ్లకే ఉంటే ఏ వీధితో మొదలుపెట్టాలో కూడా ఈ గుణకారమే చెబుతుంది.

పార్కింగ్‌లో పిల్లర్లు

మళ్లీ అక్క బిల్డింగు దగ్గరికి వద్దాం. ఆ రకం భవనాల గురించి మన దేశానికి గట్టిగా చెప్పింది 2001 జనవరి 26. గుజరాత్‌లో భుజ్ దగ్గర 7.7 పరిమాణంతో భూకంపం. రెండువందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో పదుల సంఖ్యలో అపార్ట్‌మెంట్లు కూలాయి, ఆ ఒక్క నగరంలో ఏడువందలకు పైగా ప్రాణాలు పోయాయి. 2002 పటంలో అహ్మదాబాద్ ఉన్నది విజయవాడలాగే మూడో జోన్‌లో. కూలినవాటిలో ఎన్నో కింద గోడల్లేని పార్కింగు, పైన గోడలతో నిండిన అంతస్తులు. పై అంతస్తులన్నీ ఒక్క పెట్టెలా కదిలితే ఆ కదలికంతా కింది పిల్లర్లే మొయ్యాల్సి వచ్చింది. మనం స్టిల్టు అంటున్నది దాన్నే.

ఒక్కో భవనాన్ని గంటలోపు చూసి అంచనా కట్టే ఫారం ఒకటుంది. అమెరికా విపత్తు సంస్థ ఫెమా 1988లో మొదట తెచ్చింది, మన ఐఐటీల ఆచార్యులు మన ఇళ్లకి తగ్గట్టు అలాంటివి తయారుచేశారు. భవనం రకాన్ని బట్టి కొన్ని మార్కులతో మొదలుపెట్టి, కింద గోడలు లేకపోతే ఇంత, ఆకారం వంకరైతే ఇంత, నేల మెత్తనైతే ఇంత అని తీసేస్తారు. అమెరికా ఫారంలో చివరి మార్కుకి చక్కటి అర్థం ఉంది. అది సున్నాల లెక్క. 1 వస్తే, ఆ చోట రాగల గట్టి ఊపుకి కూలే అవకాశం పదిలో ఒకటి. 2 వస్తే వందలో ఒకటి. 3 వస్తే వెయ్యిలో ఒకటి. 2 కన్నా తక్కువొస్తే ఇంజినీరు వచ్చి లోతుగా చూడాలి.

ఆ ఆదివారం అక్కకి ఫోన్ చేసి పార్కింగ్‌లోకి దిగమన్నాను. పిల్లర్లు ఎన్ని, ఒక్కోటి ఎన్ని అంగుళాలు, మధ్యలో ఎక్కడైనా గోడ ఉందా, లిఫ్టు చుట్టూ ఉన్నది కాంక్రీటా ఇటుకా? టేపు పట్టుకుని కొలిచింది. పదహారు పిల్లర్లు, తొమ్మిది అంగుళాలు ఇంటూ పద్దెనిమిది. గోడ ఎక్కడా లేదు. ఒక మూల పిల్లరుకి నీళ్ల పైపు కోసం పెచ్చు కొట్టారు, లోపల రింగు రాడ్డు కనిపిస్తోందంది. దాని కొన ఎలా ఉందో చూడమన్నాను. లోపలికి కొక్కెంలా బాగా వంచి ఉంటే ఊపులో నిలువు రాడ్లని పట్టుకుంటుంది. లంబకోణంలో ఆపేస్తే పైన కాంక్రీటు రాలగానే విచ్చుకుంటుంది.

"ఎల్ ఆకారంలోనే ఉందిరా," అంది.

ఒక్క రింగు చూసి పదహారు పిల్లర్ల సంగతి చెప్పకూడదు. కానీ రింగులన్నీ ఒకే మనిషి వంచి ఉంటాడు, కాబట్టి ఆ ఒక్కటీ మామూలు ఒక్కటి కన్నా ఎక్కువే చెబుతోంది. అసోసియేషన్ మీటింగులో అక్క ఆ ఫొటో పెట్టింది. స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలిపించాలని, పార్కింగ్‌లో రెండు మూడు చోట్ల పిల్లర్ల మధ్య కాంక్రీటు గోడలు కట్టడానికి ఖర్చెంతవుతుందో అడగాలని అనుకున్నారు. ఇంజినీరు మొదట అడిగింది బిల్డింగు డ్రాయింగులు. ఇరవై రెండు ఫ్లాట్లలో ఎవరి దగ్గరా అవి లేవు. మొదటి అంతస్తులో ఉండే రిటైర్డ్ మాస్టారు ఆ పని మీద మునిసిపల్ ఆఫీసుకి తిరుగుతున్నారు.